మీటింగ్ పెట్టే ముందు ఇది చదువు

ఒరేయ్,

నీ మెసేజ్ చూసి నవ్వొచ్చింది. "ఎలా ఉన్నావ్?" అని ఒక లైను. ఆ వెంటనే "ఆదివారం మా సంఘంలో నీ మిషనరీ సేవ గురించి సాక్ష్యం పెట్టుకుందాం, ఫోటోలు తీసుకురా, ఏ తేదీ వేసుకోమంటావ్?" అని నాలుగు లైన్లు. తప్పు పట్టడం లేదురా. కాకపోతే ఫోన్లో రెండు ముక్కలు కొట్టి పంపితే తేలే సంగతి కాదిది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. తేదీ ఖాయం చేసేముందు ఓపిగ్గా చదువు.

ముందు క్షేమ సమాచారాలు. ఇన్నేళ్లు పరాయిచోట ఉండి తిరిగొచ్చినా ఒంట్లో బాగానే ఉంది. నిద్రే ఇంకా దారికి రాలేదు. మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు పడుతుంది, అర్ధరాత్రి కళ్లు విప్పుకుని కూర్చుంటాను. సామాను సగం సర్దాం. మిగతా సగం ఏ పెట్టెలో ఏముందో మా ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

పోయిన ఆదివారం మా సంఘంలో వాక్యం చెప్పమన్నారు. లేచి నిలబడి మొదటి మాట చెప్పి ఆగిపోయాను. ఎందుకాగానో నాకే అర్థం కాలేదు. ముందు వరసలో వాళ్లు పాపం మర్చిపోయాడేమో అన్నట్టు చూస్తున్నారు. అప్పుడు వెలిగింది, అనువాదం చేసే తమ్ముడి కోసం ఆగానని! ఇన్నేళ్లూ నేనొక మాట, పక్కన నిలబడి అతనొక మాట. అతను చెబుతుండగా నేను తర్వాతి మాట కూడబలుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ ఖాళీ లేకపోతే నాకు ఆలోచనే సాగడం లేదు. ప్రసంగమంతా అలాగే ఆగి ఆగి నడిచింది. అయ్యాక ఒక పెద్దాయన వచ్చి "చాలా నెమ్మదిగా, మనసుకు పట్టేలా చెప్పారు బాబూ" అన్నారు. వందనాలండీ అని ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక జడ్సన్ గుర్తొచ్చాడు. అడోనిరామ్ జడ్సన్, బర్మా మిషనరీ. 1812లో అమెరికా నుంచి ఓడెక్కినవాడు మళ్లీ 1845లో గానీ స్వదేశం చూడలేదు. ఆ వచ్చే దారిలోనే భార్య సారా చనిపోతే సెయింట్ హెలెనా ద్వీపంలో సమాధి చేసి వచ్చాడు. అప్పటికే గొంతు జబ్బు, మాట గుసగుసలా వచ్చేది. సభల్లో ఆయన పక్కన ఒకరు నిలబడి ఆ మాటే గట్టిగా తిరిగి చెప్పేవారు. సొంత భాషలో, సొంత జనం ముందు! ఒకచోట ఆయన యేసు ప్రేమ గురించి కొద్దిసేపు మాట్లాడి కూర్చుంటే జనం ఉసూరుమన్నారట. అంత దూరం నుంచి వచ్చిన మనిషి అక్కడి కథ ఏదైనా చెబుతాడని ఎదురుచూశారు మరి. చెరసాలలో సంకెళ్లతో గడిపినవాడు, చెప్పాలంటే కథలకేం తక్కువ? తనకు తెలిసినవాటిలో అన్నిటికన్నా గొప్ప కథే చెప్పానన్నది ఆయన జవాబు. బెంగాల్లో సేవచేసిన మిషనరీ విలియం కేరీకైతే ఈ బెడదే లేదు. 1793లో ఇంగ్లండ్ వదిలి, 1834లో శ్రీరాంపూర్‌లో కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా వెనక్కి వెళ్లలేదు. రిపోర్టు చెప్పే బాధ తప్పించుకున్న అదృష్టవంతుడు!

నా బెంగంతా ఈ రిపోర్టు గురించే. మమ్మల్ని పంపినవాళ్లు ఒక ఫారం ఇచ్చారు. బాప్తిస్మాలు ఎన్ని, కొత్త సంఘాలు ఎన్ని, పంచిన కరపత్రాలు ఎన్ని. కానుకలిచ్చినవాళ్లకు లెక్క చెప్పాల్సిందే, కాదనను. కానీ మేమున్న వీధి చివర ఒకావిడ ఉండేది. మమ్మల్ని చూస్తే చాలు తలుపేసుకునేది. ఏళ్ల తరబడి అదే తంతు. మేం వచ్చేసే ముందు ఒక సాయంత్రం తలుపు తీసి, లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుమ్మం బయట వేసి, చీర చెంగుతో కాదులే, చేతిలో ఉన్న గుడ్డతో దాని మీద దుమ్ము తుడిచి, కూర్చోమని సైగ చేసింది. తనేం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కాసేపు కూర్చుని లేచి వచ్చాను. ఆ కుర్చీని ఏ గడిలో రాయాలో చెప్పు. అన్నేళ్ల సేవలో నాకు బాగా గుర్తుండిపోయేది అదే. ఫారంలో పడితే అది సున్నా.

మార్కు ఆరో అధ్యాయం ఎన్నిసార్లు చదివామో కదా. శిష్యులు ప్రయాణాలు ముగించుకుని వచ్చి, చేసినవీ బోధించినవీ అన్నీ యేసుతో చెబుతారు. విని ఆయన, ఏకాంతంగా ఒకచోటికి వచ్చి కాస్త అలసట తీర్చుకోండి అంటాడు. వచ్చీపోయే జనంతో వాళ్లకు తినడానికి కూడా తీరిక లేదని రాసుంది. నేను ఎప్పుడూ ఐదు రొట్టెల అద్భుతం దగ్గరికి పరుగెత్తేవాణ్ణి, దాని ముందున్న ఈ మాట మీద ఆగింది లేదు. పౌలు, బర్నబా సంగతీ అంతే. తమను పంపిన అంతియొకయ సంఘానికి తిరిగి వచ్చి, అందరినీ సమకూర్చి, దేవుడు చేసినవి వివరించారు. ఆ తర్వాత శిష్యులతో చాలాకాలం గడిపారు. రిపోర్టు ఒక్క వచనం, ఉండిపోవడం ఇంకో వచనం. మనవాళ్లు మొదటి వచనం దగ్గరే ఆగి, రెండోదానికి టికెట్ బుక్ చేసేస్తారు.

వెళ్లేటప్పుడు ట్రైనింగ్ ఇచ్చారు, భాష నేర్పారు. తిరిగి రావడానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. 1963లోనే గల్లాహార్న్ దంపతులు అనే పరిశోధకులు, బయట దేశాల్లో ఉండి తిరిగొచ్చిన అమెరికన్లను గమనించి, కొత్త దేశంలో పడ్డ ఇబ్బందే ఇంటికొచ్చాక మళ్లీ ఒకసారి పడతారని రాశారు. నిజమే అనిపిస్తోంది. అక్కడ ఏం తెలియకపోయినా పరాయివాడులే అని సర్దుకుపోయేవారు. ఇక్కడ మన మొహమే, మన మాటే, ఇంకా తెలియకపోవడమేంటి అన్నట్టు చూస్తారు. పాటల పుస్తకాలు పోయి తెర వచ్చింది. నేను సండే స్కూల్లో చెప్పిన పిల్లలు యూత్ లీడర్లయ్యారు. రోజూ మా పేర్లు పెట్టి ప్రార్థించిన ఒక పెద్దమ్మ కూర్చునే చోట ఇప్పుడు ఇంకెవరో కూర్చుంటున్నారు. నోటీసు బోర్డు మీద మాత్రం మా పాత ఫోటో అలాగే ఉంది. అందులో మా పాప చంకలో ఉంది. ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. ఆ చంకలో పాప కోసమే వీళ్లు ఇన్నాళ్లూ ప్రార్థిస్తున్నారేమో!

పాప గురించే కాస్త దిగులు. మాకు ఇది తిరిగి రావడం, దానికి ఇదే వలస. రూత్ యూసీమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లలో ఇలాంటి పిల్లలకు థర్డ్ కల్చర్ కిడ్స్, అంటే మూడో సంస్కృతి పిల్లలు అని పేరు పెట్టింది. పేరు తెలిస్తే దిగులు తగ్గదనుకో. రాత్రి ప్రార్థన ఇప్పటికీ అక్కడి భాషలోనే చేసుకుంటోంది. చేసుకోనీ.

ఇండియాలో మిషనరీగా, బిషప్‌గా పనిచేసిన లెస్లీ న్యూబిగిన్ అయితే 1974లో ఇండియా నుంచి ఇంగ్లండ్‌కి భార్యతో కలిసి బస్సులు మారుతూ భూమి మీదుగా వెళ్లాడు. ఆ ముసలాయన ఏం ఆలోచించి అలా వెళ్లాడో గానీ, నాకిప్పుడు అసూయగా ఉంది. మేము రాత్రి విమానమెక్కి పొద్దున్నే దిగిపోయాం. అన్నేళ్లకు ఒక్క రాత్రి ఏం సరిపోతుంది?

సరే, తేదీ సంగతి. ఈ నెల వద్దు, వచ్చే నెల ఏదైనా పెట్టుకో. నేను గురువారమే వచ్చేస్తాను. రెండు రోజులు మీ ఇంట్లో ఊరికే ఉంటాను. మీ నాన్నగారి ఆపరేషన్ గురించి నువ్వు ఒక్క లైను రాసి వదిలేశావు, అదంతా వినాలి. పిల్లాడి చదువు సంగతేంటో అదీ చెప్పలేదు. నా ముచ్చట్లు ఎలాగూ ఉంటాయి. ఆదివారం పావుగంట మాట్లాడతాను, ఆ తర్వాత ఎవరికేం అడగాలనుంటే అడగమను. ఫ్లెక్సీ కొట్టించకు. ప్రొజెక్టర్ కోసం ఎవరినీ బతిమాలొద్దు, ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి, కావాల్సినవాళ్లకు పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తా. పాస్టర్ గారికి నా వందనాలు చెప్పి, ఈ మాట ఆయనతో నువ్వే నెమ్మదిగా చెప్పు. నేను చెబితే మళ్లీ ఆగి ఆగి చెబుతాను.

ఉంటాను మరి,
నీవాడు