తెలుగు సాహస ఆటలకు గ్రంథాలయాల్లో చోటివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి సెలవులు దగ్గరపడుతున్న కొద్దీ పిల్లలకు కోడింగ్ నేర్పుతామనే శిబిరాల ప్రకటనలు మీ పత్రిక విశాఖ సంచికలో విరివిగా వస్తున్నాయి. పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని ఊరికే చూడడం మాని ఏదో ఒకటి తయారు చేయాలని తల్లిదండ్రులు ఆరాటపడడం మంచిదే. అయితే పైసా ఖర్చు లేకుండా, పాతబడిన కంప్యూటర్ మీద, తెలుగు మీద పట్టు పెంచుకుంటూ ప్రోగ్రామింగ్ నేర్చుకునే మార్గం ఒకటి ఉంది. ఆ ప్రకటనల్లో అది ఎక్కడా కనిపించదు. పాత తరహా కంప్యూటర్ సాహస ఆటలను ఎవరికి వారు తయారు చేసుకునేందుకు అభిమానులు రూపొందించి ఉచితంగా పంచిన సాధనాల గురించి నేను చెబుతున్నాను. గాజువాకలో పాలిటెక్నిక్ విద్యార్థులకు కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. మా విద్యార్థులు కొందరు ఈ సాధనాలతో పని చేస్తుండగా దగ్గరుండి చూశాను కనుక ఈ లేఖ రాస్తున్నాను.

1984లో అమెరికాలోని సియెర్రా ఆన్‌లైన్ సంస్థ 'కింగ్స్ క్వెస్ట్' అనే ఆటను విడుదల చేసింది. తెర మీద ఒక వీరుడు బొమ్మల లోకంలో నడుస్తూ ఉంటాడు, ఆడేవారు కింద చిన్న వాక్యం టైపు చేసి అతడికి పని చెబుతారు. తలుపు తియ్యమంటే తీస్తాడు, చెట్టును చూడమంటే దాని సంగతి చెబుతాడు. చేతివేగంతో పెద్దగా పని లేని ఆట ఇది. ఆలోచన, మాట, చిక్కు విప్పే నేర్పు ఉంటేనే ముందుకు సాగుతుంది. ఆ ఆటను నడిపిన యంత్రాంగాన్ని అడ్వెంచర్ గేమ్ ఇంటర్‌ప్రెటర్, పొట్టిగా ఏజీఐ అంటారు. దానితో కొత్త ఆటలు కట్టే పనిముట్లను సంస్థ తన దగ్గరే ఉంచుకుంది, బయటివారికి ఇవ్వలేదు. 1990లలో ఆ ఆటలంటే ప్రాణం పెట్టే అభిమానులు ఆ ఫైళ్లను బైటు బైటుగా విప్పి, ఏ అంకె ఏ పని చేస్తుందో పరీక్షించి, తెలుసుకున్నదంతా రాసి అందరికీ పంచారు. ఆటలోని మాటలు ఫైల్లో నేరుగా చదవడానికి వీల్లేకుండా 'ఏవిస్ డర్గన్' అనే పేరులోని అక్షరాలతో కలిపి మరుగుపరిచారని కూడా వారు కనిపెట్టారు. ఆ శ్రమ ఫలితంగానే 'ఏజీఐ స్టూడియో' అనే సాధనం పుట్టింది. జీతం లేదు, కంపెనీ ఆదేశం లేదు, కేవలం ఇష్టంతో జరిగిన ఆ పరిశోధనను కంప్యూటర్ పాఠ్యపుస్తకాల్లో చేర్చదగినదిగా నేను భావిస్తాను.

ఇదే దారిలో 1993లో గ్రాహం నెల్సన్ 'ఇన్ఫర్మ్' అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించాడు. ఇన్ఫోకామ్ సంస్థ మాటలతోనే నడిచే తన వచన సాహస ఆటల కోసం వాడిన ఫైళ్ల పద్ధతిలోనే ఎవరైనా కొత్త ఆటలు రాసుకునే వీలు దానితో కలిగింది. 1997లో బ్రిటన్‌కు చెందిన క్రిస్ జోన్స్ మొదలుపెట్టిన 'అడ్వెంచర్ గేమ్ స్టూడియో' మౌస్‌తో ఆడే ఆటలకు పనికొస్తుంది. దాని సోర్స్ కోడ్ 2011 నాటికి అందరికీ అందుబాటులోకి వచ్చింది. దానితో ఆటలు చేసి అమ్ముకుని జీవనం సాగిస్తున్నవారు కూడా విదేశాల్లో ఉన్నారు.

వీటన్నిటిలో మా విద్యార్థులు ఎక్కువ కాలం గడిపింది ఏజీఐ స్టూడియోతోనే. అడ్డం 160 చుక్కలు, నిలువు 168 చుక్కలు, రంగులు 16: దృశ్యానికి ఉన్న జాగా ఇంతే. పైగా ఆ దృశ్యం ఫోటోలాగా నిల్వ ఉండదు. ఫలానా రంగు తీసుకో, ఇక్కడి నుంచి అక్కడికి గీత గీయి, ఈ ఖాళీని నింపు అనే ఆదేశాల వరుసగా ఉంటుంది. దానికి తోడు కంటికి కనిపించని రెండో చిత్రం ఒకటి ఉంటుంది. మా విద్యార్థిని ఒకరు ఆర్కే బీచ్ దృశ్యాన్ని గీశారు. పైకి కనిపించే చిత్రంలో ఇసుక, గట్టు, సముద్రం, ఒక కొబ్బరిచెట్టు ఉన్నాయి. కనిపించని చిత్రంలో గట్టు పొడవునా నల్లగీత గీశారు, పాత్ర ఇక ఆ గీత దాటి వెళ్లలేదు. సముద్రం ఉన్నంత మేరా 3వ నంబరు రంగు, అంటే నీలి ఆకుపచ్చ, నింపారు. పాత్ర అక్కడ కాలుపెట్టగానే నీటిలో ఉన్నట్టు ప్రోగ్రాముకు తెలుస్తుంది, అలలోకి లాగేసుకుపోయే ప్రమాదాన్ని కథలో చూపించవచ్చు. కొబ్బరి మాను ఉన్నచోట పెద్ద నంబరు రంగు వేస్తే పాత్ర దాని వెనక నుంచి నడిచివెళ్లినట్టు కనిపిస్తుంది. నల్లబల్ల మీద నిరూపకాల గురించి ఎంత చెప్పినా పట్టించుకోని విద్యార్థులు, గట్టు గీతలో ఒక్క చుక్క ఖాళీ ఉండిపోవడంతో నింపిన రంగంతా ఇసుక మీదికి పొంగిపోయినప్పుడు, ఆ ఒక్క చుక్క ఏ నిరూపకాల దగ్గర ఉందో తామే లెక్కగట్టి వెతికి పట్టుకున్నారు.

అంతకంటే విలువైనది భాష విషయంలో తేలింది. ఈ యంత్రాంగంలో ఆటకు తెలిసిన మాటలన్నీ ఒక జాబితాలో ఉంటాయి, ఒక్కో మాటకు ఒక్కో సంఖ్య ఉంటుంది. ఒకే అర్థమిచ్చే మాటలకు ఒకే సంఖ్య ఇస్తే చాలు, ఆట వాటిని ఒకటిగానే తీసుకుంటుంది. పట్టించుకోనక్కర్లేని మాటలకు సున్నా ఇస్తారు. ప్రోగ్రాము రాసేవారు ఏ వరుసలో మాటలను రాస్తే ఆ వరుసలోనే అది సరిచూస్తుంది. క్రియ ముందు ఉండాలని గానీ చివర ఉండాలని గానీ దానికి నియమం లేదు. అందువల్ల ఇంగ్లీషు కోసం తయారైన ఈ పాత పద్ధతి, క్రియను చివర పెట్టే మన వాక్యానికి ఏ మార్పూ లేకుండా సరిపోయింది. తలుపు, తలుపును, తలుపుని అనే రూపాలన్నిటికీ ఒక సంఖ్య. తియ్యి, తీయి, తెరువు, తెరవండి అనే వాటికి మరో సంఖ్య. ఈ జాబితాలో తెలుగు లిపి పట్టదు. అక్షరానికి 7 బిట్ల జాగా మాత్రమే ఉండడం అందుకు కారణం. కనుక సెల్‌ఫోన్ సందేశాల్లో రాసుకునే తీరున ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగును టైపు చేయవలసి వచ్చింది. ఆ తీరులో ఒకే మాటను ఇంటికొకరు ఒక్కోలా రాస్తారన్నది మనకందరికీ తెలిసిందే. ఆ రాతభేదాలన్నిటినీ కూడా పర్యాయపదాలుగానే జాబితాకెక్కించారు.

ఆ జాబితా కోసం విద్యార్థులు చేసిన కసరత్తు చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. ఆడేవారు ఏమని టైపు చేస్తారో ముందే ఊహించాలి కనుక, భీమిలి నుంచి వచ్చే అబ్బాయి ఏమంటాడు, అనకాపల్లి అమ్మాయి ఏమంటుంది, తమ ఇంట్లో అమ్మమ్మ ఏమంటుంది అని ఒకరినొకరు అడిగి రాసుకున్నారు. కాపలాదారు పాత్ర 'ఏటి బాబూ, ఎక్కడికెళ్తన్నావు?' అని పలకరించేలా రాసిన కుర్రవాడు, అంతకుముందు తరగతిలో ఆ యాసలో నోరు విప్పడానికే సంకోచించేవాడు. తన మాట ఆటలో పాత్ర నోట వినిపించాక అతడికి ఆ సంకోచం పోయింది. ఉత్తరాంధ్ర మాటలను అచ్చులో చూసుకోవడమే అరుదైన చోట ఇది చిన్న విషయం కాదు.

కథలకు మన నగరంలో కరువు లేదు. బీచ్ రోడ్డులోని ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామినే తీసుకోండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ఆ నౌకలోకి ఒక చివర దిగి, గుండ్రని ఇరుకు ద్వారాల గుండా వంగి ఒక్కో గదీ దాటుతూ మరో చివరకు చేరతాం. టార్పెడోల గది, నావికుల పడకలు, వంటగది, యంత్రాల గది అన్నీ వరుసగా వస్తాయి. సాహస ఆటలో ఒక్కో దృశ్యాన్ని పిలిచే 'గది' అనే ప్రాథమిక నిర్మాణానికి ఇంతకంటే చక్కని నమూనా దొరకదు. ఏ కవాటం తిప్పాలి, ఏ మీట ముందు నొక్కాలి అన్నవి అందులో సహజంగానే చిక్కుప్రశ్నలవుతాయి. తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపం, భిక్షువుల గదులు ఉన్నాయి. బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు, డాల్ఫిన్స్ నోస్ దీపస్తంభం, బొర్రా గుహల దారి ఉన్నాయి. పొడుపుకథలు విని పెరిగిన పిల్లలకు ఈ చోట్లను చిక్కుముళ్లుగా మలచడం కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

తెలుగు లిపి సమస్యను దాటవేయడం నా ఉద్దేశం కాదు. పాత సాధనాల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి కేటాయిస్తారు. మన లిపిలో వత్తులు కిందికి దిగుతాయి, గుణింతం గుర్తులు అక్షరానికి పైనా పక్కనా అతుక్కుంటాయి, కనుక గడుల పద్ధతి చాలదు. అడ్వెంచర్ గేమ్ స్టూడియో 3.6 వెర్షన్‌తో, అన్ని భాషల లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌ను స్వీకరించింది, అది తొలిమెట్టు. అక్షరాలను సరిగ్గా కూర్చి చూపే పని మిగిలే ఉంటుంది, దానికి హార్ఫ్‌బజ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది. 'ట్వైన్' అనే మరో ఉచిత సాధనంతో చేసిన కథలు బ్రౌజరులోనే తెరుచుకుంటాయి కనుక వాటిలో తెలుగు ఇప్పుడే చక్కగా కనిపిస్తుంది. పదేళ్ల పిల్లలకు అక్కడ మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఇన్ఫర్మ్ విషయానికొస్తే స్పానిష్, జర్మన్, ఫ్రెంచ్ మాట్లాడేవారు తమ భాషల వ్యాకరణానికి తగిన ఫైళ్లను తామే సమకూర్చుకున్నారు. మనకు విభక్తులు, సంధులు ఉన్నాయి కనుక పని కొంత కష్టమే. అయినా సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసే యువత, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కంప్యూటర్ శాఖా తెలుగు శాఖా రెండూ ఉన్న ఈ నగరంలో ఆ పని జరగకపోవడానికి తగిన కారణం నాకు కనిపించడం లేదు.

తల్లిదండ్రులకు ఒక జాగ్రత్త చెప్పాలి. సాధనం ఉచితమైనంత మాత్రాన పాత ఆటల్లోని పాత్రలూ కథలూ మనవైపోవు. కింగ్స్ క్వెస్ట్‌కు కొనసాగింపుగా అభిమానులు ఏళ్ల తరబడి తయారు చేసిన 'ది సిల్వర్ లైనింగ్' అనే ఆటను 2010 ఫిబ్రవరిలో హక్కుదారైన యాక్టివిజన్ ఆపించింది. తర్వాత అనుమతి లభించి, అదే ఏడాది జూలైలో తొలిభాగం విడుదలైంది. అందరికీ అలా అనుమతి దొరుకుతుందనుకోలేం. మన పిల్లలు మన కథలే రాస్తే ఆ చిక్కే రాదు.

ఇక నా విజ్ఞప్తి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో గానీ, నగరంలోని శాఖా గ్రంథాలయాల్లో గానీ వారానికి ఒక పూట ఇందుకోసం ఒక గది కేటాయించాలని నిర్వాహకులను కోరుతున్నాను. కొత్త కంప్యూటర్లు అవసరం లేదు. కార్యాలయాల్లో పాతబడి మూలన పెట్టిన యంత్రాలే ఈ సాధనాలకు ఎక్కువ. తయారైన ఆటలను స్కమ్‌వీఎం అనే ఉచిత ప్రోగ్రాము ద్వారా సెల్‌ఫోన్లలో కూడా ఆడుకోవచ్చు. 2001లో మొదలైన ఆ ప్రోగ్రాము ఏజీఐ ఆటలనూ, 2021 నుంచి అడ్వెంచర్ గేమ్ స్టూడియో ఆటలనూ నడుపుతోంది. గ్రంథాలయమే ఎందుకంటే, అక్కడ పుస్తకాలు పక్కనే ఉంటాయి. తొట్లకొండ గురించి ఆట రాయదలచిన పిల్ల లేచి నాలుగడుగులు వేసి దాని చరిత్ర చదువుకోవచ్చు. రుసుము కట్టలేని ఇళ్ల పిల్లలు సంకోచం లేకుండా వచ్చి కూర్చోగల చోటు కూడా అదే.

మీ పత్రిక పిల్లల పేజీలో నెలకొకసారైనా, విశాఖ పిల్లలు రాసిన ఆటల్లో ఒకదాని కథనూ పటాన్నీ ప్రచురించాలని మిమ్మల్ని కోరుతున్నాను. అచ్చులో తమ పని కనబడుతుందంటే వారు మాటను ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటారు. మా విద్యార్థులు కూర్చిన తెలుగు మాటల జాబితాను, రాతభేదాలతో సహా, ఏ గ్రంథాలయానికైనా, ఏ పాఠశాలకైనా ఉచితంగా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ఆదివారాల్లో వచ్చి నేర్పడానికి నేనూ, మా చివరి సంవత్సరం విద్యార్థులు కొందరూ సుముఖంగా ఉన్నాం. గది ఇవ్వగల నిర్వాహకులు ఈ లేఖకు స్పందనగా మీ కార్యాలయానికి తెలియజేస్తే, మా వివరాలు వారికి అందించవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
గాజువాక, విశాఖపట్నం.