ఈబీ-5 ప్రకటనల్లో రాయని సంగతులు

సంపాదకుడు గారికి,

‘ఎనిమిది లక్షల డాలర్లు పెట్టండి, గ్రీన్‌కార్డు పట్టండి’ అనే తరహాలో, పెట్టుబడి పెట్టే విదేశీయులకు అమెరికా శాశ్వత నివాసమిచ్చే ఈబీ-5 పథకం ప్రకటనలు, హోటళ్లలో ఉచిత సదస్సుల ఆహ్వానాలు ఈమధ్య పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న కొడుకు కోసమో కూతురి కోసమో పొలం అమ్మడానికి సిద్ధపడే తల్లిదండ్రులు వీటిని నమ్ముకుని వెళ్తున్నారు. వాటిలో చెప్పేది చాలావరకు అబద్ధం కాదు. కానీ చెప్పకుండా వదిలేసేదే కొంప ముంచుతుంది.

ముందు గడువు సంగతి. 2026 సెప్టెంబర్ 30తో పథకం ముగిసిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. 2022 మార్చి 15న వచ్చిన సంస్కరణ చట్టం రీజినల్ సెంటర్ల (పలువురి పెట్టుబడులు సేకరించి ప్రాజెక్టుల్లో పెట్టే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలు) పథకాన్ని 2027 సెప్టెంబర్ 30 వరకు పొడిగించింది. 2026 సెప్టెంబర్ 30లోగా దరఖాస్తు చేరినవారికి, ఆ తర్వాత పథకం ఆగిపోయినా పరిశీలన ఆగదని మాత్రమే ఆ చట్టం హామీ ఇచ్చింది. 2021 జూన్ 30న పథకం గడువు తీరిపోయి వేలాది దరఖాస్తులు నెలల తరబడి మూలపడిన అనుభవంతో పెట్టిన రక్షణ అది. దాన్ని అందుకోవాలనుకోవడం తెలివైన పనే. కానీ ఆ తొందరలో ప్రాజెక్టు కాగితాలు చదవకుండా సంతకం పెట్టడం తెలివైన పని కాదు. 2027 జనవరి 1న పెట్టుబడి మొత్తాన్ని ద్రవ్యోల్బణాన్ని బట్టి సవరిస్తారన్నది కూడా నిజమే.

ఎనిమిది లక్షల డాలర్లు గ్రీన్‌కార్డు ధర కాదు. గ్రామీణ ప్రాంతంలోనో, నిరుద్యోగం ఎక్కువున్న చోటనో, ప్రభుత్వ మౌలిక వసతుల పనిలోనో పెట్టాల్సిన కనీస పెట్టుబడి అది. మిగతా చోట్ల 10.5 లక్షల డాలర్లు. ఒక్కో పెట్టుబడిదారు సొమ్ము వల్ల పదిమందికి పూర్తికాలం ఉద్యోగాలు రావాలి. సొమ్ము నష్టపోయే అవకాశం ఉండి తీరాలన్నది చట్టం పెట్టిన షరతు. అందుకే ‘అసలుకు గ్యారంటీ, ఫలానా తేదీకి తిరిగి ఇస్తాం’ అని ఒప్పందంలో రాసి ఇచ్చారంటే, ఆ వాక్యమే దరఖాస్తు తిరస్కరణకు కారణం కావచ్చు. మొదట వచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. ఆ రెండేళ్లు నిండడానికి ముందున్న 90 రోజుల్లో షరతులు తొలగించమని కోరే ఐ-829 దరఖాస్తు వేసి, పెట్టుబడి, ఉద్యోగాలు చూపిస్తేనే శాశ్వత కార్డు. వెర్మాంట్‌లోని జే పీక్ స్కీ రిసార్టు ప్రాజెక్టులకు విదేశీయుల నుంచి 35 కోట్ల డాలర్లకు పైగా సేకరించారు. 2016లో అమెరికా సెక్యూరిటీల కమిషన్ మోసం కేసు పెట్టేదాకా అవి కూడా ప్రభుత్వ గుర్తింపు ఉన్న రీజినల్ సెంటర్ ప్రాజెక్టులే. రీజినల్ సెంటర్‌కు గుర్తింపు ఉండటం వేరు, ప్రాజెక్టు మంచిదవడం వేరు. మీరు చూస్తున్న ప్రాజెక్టుకు ఐ-956ఎఫ్ (ప్రాజెక్టు ఆమోదం కోసం రీజినల్ సెంటర్ వేసే దరఖాస్తు) దాఖలు మాత్రమే అయిందా, ఆమోదం కూడా వచ్చిందా అని అడగాలి. దాఖలైతే చాలు, మన చేత దరఖాస్తు పెట్టించవచ్చు కాబట్టి ఈ తేడా సదస్సుల్లో వినబడదు.

అసలు చిక్కు మన వైపు, సొమ్ము పంపే దగ్గర ఉంది. భారత్‌లో నివసించే ఒక్కొక్కరు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు సొమ్ము పంపుకునేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్లే పంపగలరు. కొడుకు అమెరికాలో ఉంటే, తల్లి, తండ్రి చెరొక 2.5 లక్షలు మార్చిలో, మళ్లీ ఏప్రిల్‌లో బహుమతిగా పంపితే పది లక్షలవుతుంది. ఇది నిబంధనల ప్రకారమే. కానీ దరఖాస్తుదారు ఇక్కడే హైదరాబాద్‌లో ఉంటే లెక్క మారిపోతుంది. ఇక్కడ ఉండేవారు ఇక్కడే ఉండే మరొకరికి విదేశీ ఖాతాలో డాలర్లు బహుమతిగా ఇవ్వకూడదు. పెట్టుబడిలో పేరు లేని భార్య, తండ్రి తమ పరిమితిని దానికి కలపడానికీ వీల్లేదు. ‘ఇంట్లో నలుగురున్నారు, పది లక్షలు పంపేయొచ్చు’ అని సులువుగా చెప్పే సలహా ఇక్కడే ఫెమా (విదేశీ మారక చట్టం) ఉల్లంఘన అవుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి పంపుదామా అంటే, అప్పు తెచ్చిన సొమ్మును అమెరికా ఒప్పుకుంటుంది గాని, ఎల్‌ఆర్‌ఎస్ కింద పెట్టుబడులకు బ్యాంకులు అప్పివ్వకూడదని మన రిజర్వు బ్యాంకు నిబంధన. ప్రవాసులకు ఇక్కడి ఆస్తి ఉంటే దారి వేరు: అమ్మిన సొమ్మును పన్ను కట్టి, ఆడిటర్ ధ్రువపత్రంతో ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులు ఇక్కడి రాబడి ఉంచుకునే బ్యాంకు ఖాతా) నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు తీసుకెళ్లవచ్చు.

టీసీఎస్ (సొమ్ము పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా లెక్కలోకి రావాలి. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం బ్యాంకు వసూలు చేస్తుంది. డాలరు 90 రూపాయలనుకుంటే, 2.5 లక్షల డాలర్లకు 2.25 కోట్లు, దాని మీద టీసీఎస్ 43 లక్షలు. అది పోయే సొమ్ము కాదు, రిటర్నులో వెనక్కి వస్తుంది. కాకపోతే ఏప్రిల్‌లో పంపితే సర్దుకోవడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు. ఆ మేరకు డబ్బు విడిగా ఉంచుకోవాలి.

భూమి అమ్మిన డబ్బు గురించి ఎవరూ పైకి చెప్పని మాట ఒకటి ఉంది. మన దగ్గర దస్తావేజు ప్రభుత్వ విలువకు రాయించుకుని, మిగతాది నగదుగా తీసుకోవడం అలవాటు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడమే ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అమెరికా అధికారి ప్రతి రూపాయీ ఎక్కడి నుంచి వచ్చిందో అడుగుతాడు. ఐదు కోట్లకు అమ్మి రెండు కోట్లకు రిజిస్టర్ చేయిస్తే, ఈబీ-5 లెక్కలో ఉన్నది రెండు కోట్లే. రిజిస్టరైన దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పట్టాదారు పాసుపుస్తకం, కొన్నవారి ఖాతా నుంచి మీ ఖాతాకు సొమ్ము వచ్చిన స్టేట్‌మెంటు, రిటర్నులు అన్నీ ఒకే అంకె చెప్పాలి. తాతల ఆస్తి అయితే వీలునామా లేదా భాగ పంపకాల దస్తావేజు కూడా కావాలి. సొమ్ము బహుమతిగా ఇచ్చినవారి ఆదాయానికీ ఇవే రుజువులు. కాబట్టి అమ్మే ముందే ఆడిటర్‌ను, అమెరికా ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని ఇద్దరినీ కలవాలి. అమ్మాక కలిస్తే దిద్దడానికి ఏమీ మిగలదు.

కోటా మాట కూడా చెప్పాలి. ఈబీ-5 వీసాల్లో 20 శాతం గ్రామీణ ప్రాజెక్టులకు, 10 శాతం నిరుద్యోగ ప్రాంతాలకు, 2 శాతం మౌలిక వసతులకు కేటాయించారు. కేటాయింపు లేని వర్గంలో భారతీయులకు ఇప్పటికే ఏళ్ల నిరీక్షణ ఉంది. భార్యాబిడ్డలు కూడా ఆ సంఖ్యలోకే వస్తారు కాబట్టి కేటాయించిన వర్గాల్లోనూ దారి ఎప్పటికీ తెరిచే ఉంటుందన్న భరోసా లేదు. హెచ్-4 (హెచ్-1బీ వారి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు 21 ఏళ్లు (అవి నిండితే తల్లిదండ్రుల దరఖాస్తులో చోటుండదు) దగ్గరపడుతున్న ఇళ్లలో ఇదే అసలు ఆదుర్దా, అది నాకు అర్థమవుతుంది. దరఖాస్తు పరిశీలనలో ఉన్న కాలాన్ని పిల్లల వయసులోంచి తీసేస్తారు గాని, ఆమోదం వచ్చాక వీసా సంఖ్య కోసం వేచి ఉండే కాలాన్ని తీసేయరు. 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన ‘గోల్డ్ కార్డు’ మీద ఆశ పెట్టుకున్నవారు కూడా గమనించాలి. అందులో పది లక్షల డాలర్లు పెట్టుబడి కాదు, తిరిగి రాని కానుక. దాంతో వచ్చేది ప్రతిభావంతులకు, ఉన్నత విద్యావంతులకు ఇచ్చే ఈబీ-1, ఈబీ-2 వీసాయే. భారతీయుల వరుస అక్కడా ఉంది.

ఇక పత్రికలు చేయగలిగిన పని. 2022 చట్టం ప్రకారం ప్రాజెక్టుల తరఫున పెట్టుబడిదారులను తెచ్చే ఏజెంట్లు, విదేశాల్లో ఉన్నవారితో సహా, ఐ-956కే ఫారంతో అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ వద్ద నమోదు చేసుకోవాలి. వారికి ముట్టే కమీషన్‌ను పెట్టుబడిదారుకు రాతపూర్వకంగా తెలపాలి. అందువల్ల ఈబీ-5 ప్రకటన తీసుకునే ముందు ఐ-956కే నమోదు రుజువు అడగండి. ఐ-956ఎఫ్ దాఖలైందా, ఆమోదం పొందిందా అన్నది, పెట్టుబడికి అదనంగా ఉండే పరిపాలన రుసుము ఎంతన్నది ప్రకటనలోనే అచ్చు వేయమనండి. ఇవి చూపించలేనివారి ప్రకటన వేయకండి.

ఇట్లు,
విదేశీ మారక వ్యవహారాలు చూసే ఒక ఆడిటర్,
గుంటూరు