శ్రీనుకి: అమ్మ మోకాళ్ళ గురించి

ఒరేయ్ శ్రీనూ,

అమ్మ మోకాళ్ళకి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే అరిగిన గుజ్జు మళ్ళీ వచ్చేస్తుందని ఆ క్లినిక్‌ వాళ్ళు చెప్పారని రాశావు కదా. ఫోన్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను. డబ్బు కట్టకముందే చదువు.

మూలకణానికి, అంటే ఆ స్టెమ్ సెల్‌కి, రకరకాలుగా మారే శక్తి ఉంది, నిజమే. కానీ ఏమవ్వాలన్నది అదొక్కటే తేల్చుకోదురా, చుట్టూ ఉన్న చోటు కూడా తేలుస్తుంది. 2006లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు ఎముక మూలుగ నుంచి తీసిన మూలకణాల్ని వేర్వేరు గట్టిదనం ఉన్న జెల్‌ల మీద పెంచారు. పోసిన పోషక ద్రవం ఒకటే. మెదడంత మెత్తగా, అంటే ఒక కిలోపాస్కల్ (గట్టిదనాన్ని కొలిచే లెక్క) లోపు ఉన్న జెల్ మీదవి నరాల కణాల పోలిక తెచ్చుకున్నాయి. 8 నుంచి 17 ఉన్నచోట కండరం వైపు, 25 నుంచి 40 ఉన్నచోట ఎముక వైపు వెళ్ళాయి. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కణం తన కింద ఉన్నదాన్ని పట్టుకుని లాగి చూసి, అది ఎంత గట్టిదో తెలుసుకుంటుంది! పైగా గట్టి ప్లాస్టిక్ డిష్‌లో ఎక్కువకాలం పెరిగితే, తర్వాత మెత్తని చోటికి మార్చినా ఆ పాత గుర్తు పోదని 2014లో తేలింది. ఆక్సిజనూ అంతే. మనం పీల్చే గాల్లో 21 శాతం ఉంటే మూలుగలో చాలా తక్కువ, 1 నుంచి 4 శాతం దాకా. రక్తాన్నిచ్చే మూలకణాలు విభజన తగ్గించుకుని అణిగి ఉండడానికి ఆ తక్కువ ఆక్సిజన్ సాయపడుతుంది.

మరి ఎక్కడా పనిచెయ్యవా అంటావేమో. చేస్తాయిరా. మన విశాఖ హనుమంతువాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉందిగా, వాళ్ళ హైదరాబాద్ డాక్టర్లే 2012లో ఒక పద్ధతి ప్రచురించారు. కంట్లో సున్నం పడి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోతే, బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ఇంకా చిన్నవి చేసి, ఉమ్మనీటి సంచి పొర పరిచి దాని మీద అతికిస్తారు. అక్కడ కణానికి కొత్త వేషం వెయ్యమని చెప్పట్లేదు, ఎప్పుడూ చేసే పనే అప్పగిస్తున్నారు. అయినా కన్ను ఎర్రగా వాచి ఉంటే ముందు ఆ మంట తగ్గిస్తారు. ఎండిపోయిన కంట్లో పెట్టినా నిలవడం కష్టం.

అమ్మ మోకాలు ఆలోచించు. గుజ్జుకి రక్తనాళాలే ఉండవు, లోపల వాపు, పైన ఒంటి బరువు. అలాంటిచోట సూదితో వేసిన కణాలు చాలావరకు కొద్ది రోజుల్లో, వారాల్లో మాయమైపోతాయి. కొందరికి నొప్పి తగ్గొచ్చేమో గానీ, అరిగిన గుజ్జు తిరిగి మొలుస్తుందని గట్టి రుజువు లేదు. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రక్తరోగాలకి చేసే మార్పిడి తప్ప మిగతావన్నీ అనుమతి ఉన్న ట్రయల్‌గానే, అంటే మనుషుల మీద చేసే పరీక్షగానే, జరగాలన్నారు. ట్రయల్ రిజిస్ట్రీ నంబరో, ప్రభుత్వ అనుమతి కాగితమో ఇమ్మని అడుగు, ఏమంటారో చూద్దాం.

అమ్మకి మళ్ళీ సింహాచలం గిరిప్రదక్షిణ చెయ్యాలని ఉంది, నాకు తెలుసు. 32 కిలోమీటర్లు మరి! ముందు తొడ కండరాలకి ఫిజియోథెరపీ మొదలెట్టిద్దాం, ఎముకల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. నువ్వు బెంగళూరు నుంచి పరిగెత్తుకు రానక్కర్లేదు. పాత ఎక్స్‌రేలు ఎక్కడ పెట్టిందో కనుక్కుని చెప్పు చాలు.

నీ
రమణ