చెప్పిన పాపనే దోషిని చేశాం, కలెక్టర్ గారూ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను తెలుగు టీచర్‌ని. మీ కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదు తప్ప జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను. ఊరి పేరు కావాలనే రాయడం లేదు, అర్జీలో ఉంది.

బడి వదిలాక బోర్డు తుడుస్తూ, నా వైపు తిరగకుండానే, ఓ పాప తన బంధువు గురించి చెప్పింది. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచింది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేశాను.

సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదట?" "రేపు పెళ్లెలా అవుతుంది?" అన్నీ పాప మీదే. అతన్ని ఒక్కరూ ఒక్క మాట అడగలేదు! వాంగ్మూలం తీసుకునేటప్పుడు పోలీసులు యూనిఫాంలో ఉండకూడదని అదే చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. వాళ్లు మాత్రం యూనిఫాంలోనే, వీధంతా చూస్తుండగా వచ్చారు. పక్కన కూర్చోవద్దని తోటి పిల్లలకు ఇళ్లలో చెప్పారు (చదువుకున్నవాళ్లే). పాప బడి మానేసింది.

నా విన్నపం: ఈ నెలలోనే ఆ పాపను తిరిగి బడిలో కూర్చోబెట్టండి. వాంగ్మూలాలకు మఫ్టీలో మహిళా ఎస్సైని పంపేలా చూడండి. తల్లిదండ్రుల సమావేశంలో మీరే వచ్చి మాట్లాడండి. నాకు రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు