ముఖం మసక చేస్తే సరిపోదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పిల్లల మీద ఏదైనా ఘోరం జరిగిన రోజున టీవీల్లో, ఊరి యూట్యూబ్ ఛానళ్లలో వచ్చే వార్తను ఈసారి కాస్త నిదానంగా చూడండి. బిడ్డ ముఖం మసక చేస్తారు. కెమెరా మాత్రం వీధి మలుపులో కిరాణా కొట్టు దగ్గర మొదలై ఇంటి గుమ్మం దాకా వెళ్తుంది. కొంగు కప్పుకున్న తల్లి నోటి ముందు మైకు పెడతారు. చివర్లో బడి గేటు, యూనిఫాం రంగు. ఎక్కడో దూరాన ఉన్నవాళ్లకు ఆ బిడ్డ ఎవరో తెలియదు, నిజమే. పక్క వీధి వాళ్లకు మాత్రం ఆ కిరాణా కొట్టు ఒక్కటి చాలు. ఆ బిడ్డ మళ్లీ తలెత్తుకుని తిరగాల్సింది ఆ పక్క వీధిలోనే.

పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇది తెలిసే రాశారు. పేరు, ఫొటోతో పాటు ఇంటి చిరునామా, కుటుంబ వివరాలు, చదివే బడి, ఉండే పేట, ఇలా బిడ్డను గుర్తుపట్టనిచ్చే ఏ వివరాన్నీ మీడియా బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బిడ్డ మేలు కోసం పేరు చెప్పక తప్పదనుకుంటే ఆ అనుమతి ప్రత్యేక కోర్టే ఇవ్వాలి. బిడ్డ చనిపోయినా ఈ రక్షణ పోదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది జమ్మూ ప్రాంతంలోని కథువాలో అత్యాచారానికి, హత్యకు గురైన బాలిక గుర్తింపును బయటపెట్టిన మీడియా సంస్థలను ఒక్కొక్కటి 10 లక్షల రూపాయలు కట్టమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది.

ఇదంతా విలేకరుల గొడవ, మనకెందుకు అనుకోకండి. జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 74వ సెక్షన్‌లో పత్రికలు, టీవీలతో పాటు ‘ఇతర సమాచార మార్గాలు’ అని కూడా ఉంది. బాధిత పిల్లలకే కాదు, నేరం చేశాడని ఆరోపణ వచ్చిన పిల్లవాడికీ, సాక్షిగా ఉన్న బిడ్డకూ అది వర్తిస్తుంది. ‘పలానా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయట, పలానా కాలనీ అట’ అని క్లాసు గ్రూపులో ఒకరు రాసి, ఇంకొకరు ‘అయ్యో’ అంటూ నాలుగు గ్రూపులకు పంపినా జరిగేది అదే. అలాంటిది మీకొస్తే ముందుకు పంపకండి. పంపినవారికి విడిగా మెసేజ్ పెట్టి తీసేయమనండి. వాట్సాప్‌లో ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ సుమారు రెండున్నర రోజులే పనిచేస్తుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. గ్రూపు అడ్మిన్‌కైతే ఎవరి మెసేజ్ అయినా తొలగించే వీలుంది.

ఇక మన చేతుల మీదుగా బయటికి పోయేవి. పదో తరగతి హాల్‌టికెట్ రాగానే ‘మా బాబుకు ఆశీస్సులు’ అని స్టేటస్ పెట్టడం మామూలైపోయింది. ఆ ఒక్క కాగితం మీద పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఫొటో, బడి, పరీక్షా కేంద్రం అన్నీ ఉంటాయి. హాల్‌టికెట్ నంబరు తెలిస్తే ఫలితాల సైట్లలో మార్కులు ఎవరైనా చూడొచ్చు. ఆ తర్వాత ఒక ఫోన్ వస్తుంది: ‘మీ బాబుకు స్కాలర్‌షిప్ శాంక్షన్ అయిందండీ, ఓటీపీ చెప్పండి.’ అవతలివాడు పుట్టిన తేదీతో సహా చెబుతుంటే నమ్మనివాళ్లెవరు? బడి నుంచి గానీ, బోర్డు నుంచి గానీ ఓటీపీ అడగరు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగితేనే దొరికే ఆశ ఉంటుంది.

కాగితం ఫొటో పంపక తప్పదంటే నంబర్ల మీద హైలైటర్ పూయకండి. అది పారదర్శకంగా ఉంటుంది, బ్రైట్‌నెస్ పెంచితే కింది అంకెలు తేలిపోతాయి. ఆ భాగాన్ని కత్తిరించేయండి, లేదా నిండు నల్లటి గడితో మూయండి. ఆధార్ అడిగినచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి. ఇంకొక్క మాట: ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో తీసిన చోటు అందులోనే రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది పోతుంది, ‘డాక్యుమెంట్’గా పంపితే పోదు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయడం మేలు.

‘పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా’ మెసేజ్‌ల గురించి గట్టిగా చెప్పాలి. 2018లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చినవాళ్లు పిల్లవాణ్ని ఎత్తుకెళ్తారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లవాణ్ని తిరిగి దించి, అట్టముక్క మీద హెచ్చరిక చూపించే చివరి భాగాన్ని ఎవరో కోసేశారు. ఆ పుకార్ల వేడిలోనే జూలైలో బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ యువకుణ్ని కొట్టి చంపారు. రెండు బాణాల గుర్తుతో వచ్చిన మెసేజ్ చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. తప్పిపోయిన పిల్లల ఫొటో వస్తే ముందు అందులోని నంబరుకు ఫోన్ చేయండి. బిడ్డ ఇల్లు చేరి ఏళ్లయినా ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది. నిజంగా ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

బడి వైపు నుంచి కూడా సరిదిద్దుకోవలసినవి ఉన్నాయి. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటుంది. అందుకని ఈ ఏడాది ర్యాంకుల ఫ్లెక్సీల మీద హాల్‌టికెట్ నంబర్లు వేయం. వార్షికోత్సవం ఫొటోల కింద పూర్తి పేరు, తరగతి రాయం. ఈ వార్తాలేఖతో పాటు ఒక అంగీకార పత్రం పంపుతున్నాం. అందులో మూడు గడులున్నాయి: బడి గోడ మీద, తరగతి గ్రూపులో, ఫేస్‌బుక్ పేజీలో. దేనికదే టిక్ పెట్టొచ్చు. ‘వద్దు’ అంటే కారణం రాయనక్కర్లేదు, మీ బిడ్డను గ్రూప్ ఫొటోలోంచి పక్కకు నిలబెట్టం కూడా, ఆ ఫొటోనే బయట పెట్టం. సంతకం చేసి శనివారంలోగా డైరీలో పెట్టి పంపండి.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు