రామకోటికి లగేజీ టికెట్టు

ఖమ్మం, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సత్తిగా,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం సంక్రాంతికి ముందొచ్చింది, ఇప్పుడు ఉగాది పచ్చడి కూడా తినేశాం. రాద్దామని రెండుసార్లు కూర్చున్నా. ఒకసారి కరెంటు పోయింది, ఇంకోసారి... సరేలే, ఆ కథ వద్దు. మూడో బెంచీ తీర్మానం ప్రకారం ఆలస్యానికి జరిమానా పుచ్చకాయ, అది బాకీ ఉన్నట్టు రాసుకో.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. చిన్నికి పరీక్షలు, నాకు మార్చి నెలాఖరు లెక్కలు, ఇంటాయన అద్దె పెంచాడు. అయిపోయాయి వార్తలు.

అసలు సంగతి. అమ్మ రామకోటి పూర్తయిందిరా! కోటి! ఒకటి పక్కన ఏడు సున్నాలు. మొన్ననే భద్రాచలం వెళ్లి అప్పగించి వచ్చాం. ఇందులో నువ్వు నమ్మలేని ముక్క ఒకటుంది. చివరి పధ్నాలుగు లక్షలు రాసింది మా నాన్న. అవును, మీ కామ్రేడ్ గారే, ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మనిషి. గుడికెళ్తే చెప్పులకి కాపలా ఉంటానని బయటే నిలబడే మనిషి.

నీకు గుర్తుందో లేదో, అమ్మ ఇది మొదలుపెట్టింది 1996లో. మనం సైకిళ్లేసుకుని ట్యూషన్‌కి పోయే రోజులు. పక్కింటి పిన్నిగారు ఒక గళ్ల పుస్తకం ఇచ్చింది. రోజూ తెల్లారుజామున కాఫీ తాగి, పాలు పొంగేలోపు కొంత, నాన్న డ్యూటీకి వెళ్లాక మిగతాది. రోజుకి వెయ్యి. వెయ్యి చొప్పున ఒక్కరోజూ మానకుండా రాస్తేనే ఇరవై ఏడేళ్లు దాటుతుంది. లెక్క వేసి చెప్తే అమ్మ "అంత దూరం ఎందుకు చూస్తావురా, పేజీ చూడు చాలు" అనేది. నాకు జ్వరాలొచ్చినప్పుడు, అక్క పురుళ్లప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు ఎన్నో రోజులు మానేసింది. మానిన మర్నాడు రెండు వేలు రాయడం మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు, మళ్లీ వెయ్యే. "నిన్నటి బాకీ ఇవాళ నెత్తినేసుకుంటే ఎల్లుండికి పుస్తకమే తెరవబుద్ధి కాదు" అంటుంది.

ఇంకో అలవాటుంది. ఈ మధ్యే గమనించా. ఆ రోజు వెయ్యీ అయ్యాక తర్వాతి గడిలో ఉత్తి 'శ్రీ' రాసి పెన్ను మూత పెట్టేస్తుంది. 'రామ' మర్నాటికి. ఎందుకమ్మా అంటే, "సగంలో ఉన్న పని పిలుస్తుందిరా, కొత్త పని మనమే పిలవాలి" అంది. నీ జర్మన్ సంగతి చెప్పా. నువ్వు బీ1 స్థాయి దగ్గర ఆగిపోయావనీ, 'పట్టుదల పుట్టుకతో రావాలేమో' అని నాలుగు పేజీలు ఏడ్చావనీ. "వాడికి పట్టుదల లేకపోవడమేంటి, నీలం స్వెట్టరు కోసం ఎన్ని నెలలు తిరిగాడు!" అంది. నేను చెప్పలేదురా, ఒట్టు. అమ్మకి ఎలా తెలుసో నాకూ తెలీదు.

సరే, విను. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది చూడు (మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు), ఆ వారమే అమ్మకి చేతి వణుకు బాగా ఎక్కువైంది. టీవీలో నీళ్లు చూస్తూ రాస్తుంటే అక్షరాలు గడి దాటి పోతున్నాయి. అప్పటికి ఎనభై ఆరు లక్షలు. డాక్టరు మందులిచ్చాడు కానీ సన్న గళ్లలో రాయడం ఇక కష్టమన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. పుస్తకం బీరువాలో పెట్టేసింది. ఆ పదిహేను రోజులు మా ఇల్లు... ఏం చెప్పనురా. కూరలో ఉప్పు కూడా సరిగ్గా పడలేదు.

ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే నాన్న బల్ల దగ్గర కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా పుస్తకం, చేతిలో ఎర్ర పెన్ను. "నువ్వు చెప్పు, నేను రాస్తా" అన్నాడు అమ్మతో. "నమ్మకం లేకుండా రాస్తే లెక్కలోకి రాదు" అని అమ్మ. "నమ్మకం నీది, రాత నాది. ముప్పై ఏళ్లు ఎవరెక్కడికి పోతున్నారో అడక్కుండానే టికెట్లు కొట్టానా?" అని నాన్న. అడక్కుండా ఎలా కొడతావు నాన్నా అని నేను అడగబోయి ఊరుకున్నా.

అప్పట్నుంచి అమ్మ పైకి అనడం, నాన్న రాయడం. అమ్మ జోరందుకుంటే "ఆగాగు, స్టేజీ దాటలేదు" అనేవాడు. కొన్నాళ్లకి సాయంత్రం కూడా కూర్చోవడం మొదలైంది. దానికి బస్సు డ్యూటీ భాషలో నైట్ అవుట్ అని పేరు పెట్టాడు. సిగరెట్ ఎప్పుడు తగ్గిందో ఎవరం గమనించలేదు. ఆ సాయంత్రం వేళే కదా బడ్డీకొట్టుకి పోయేవాడు! డాక్టరు చెప్పినా, అక్క ఏడ్చినా, నేను అరిచినా తగ్గనిది.

తొంభై తొమ్మిది లక్షలు దాటాక ఆయనలో కండక్టరు నిద్రలేచాడు. పాత పుస్తకాలన్నీ దింపి తనిఖీ. అమ్మ లెక్క ఏంటంటే పుస్తకానికి రెండొందల పేజీలు, పేజీకి ఐదొందల గళ్లు, అంటే లక్ష. ఒక పదకొండు పుస్తకాల అట్ట మీద రెండొందలనే ఉంది కానీ లోపల నూట తొంభై రెండే ఉన్నాయట! "నలభై నాలుగు వేలు షార్టేజీ" అని ప్రకటించాడు. కండక్టర్లు టికెట్ల లెక్క రాసే ఎస్సార్ షీట్ లాగా గీతలు గీసి మరీ చూపించాడు. అమ్మ "రాముడికి చెకింగ్ స్క్వాడ్ లేదులెండి" అంది. ఆయన వినడే. "నా సర్వీసులో షార్టేజీ లేదు, ఇప్పుడు మాత్రం ఎందుకుంటుంది?" ఆ నలభై నాలుగు వేలూ రాశాకే కోటి అన్నాడు. రాశారు కూడా. చివరి గడి మాత్రం అమ్మ చేత రాయించాడు, మణికట్టు తను పట్టుకుని. అక్షరం వంకరగా మూడు గళ్లు ఆక్రమించింది. ఎక్కువ రాసినదానికి పెనాల్టీ లేదని తీర్పిచ్చాడు.

నవమి రద్దీ మొదలవకముందే వెళ్దామని బయల్దేరాం. బియ్యం సంచుల నిండా పుస్తకాలు. కారు మాట్లాడతానంటే నాన్న ససేమిరా, బస్సే. బస్సులో కండక్టరు కుర్రాడు "దేవుడి పుస్తకాలు, పర్లేదు సార్" అంటే, "దేవుడివైతే బరువుండదా? కొట్టు లగేజీ టికెట్టు" అని కొట్టించాడు. బస్సంతా నవ్వు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

పాల్వంచ వచ్చేసరికి నాన్న రామదాసు కథ ఎత్తుకున్నాడు, ఆయన పద్ధతిలో. "కంచర్ల గోపన్న మన నేలకొండపల్లి వాడే. ఈ పాల్వంచ పరగణాకి తహశీల్దారు. వసూలు చేసిన శిస్తు గుడికి పెట్టేశాడు. రూల్ ప్రకారం అది క్యాష్ షార్టేజీ కేసు. పన్నెండేళ్లు గోల్కొండ జైలు. చివరికి ఓనరే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి తానీషాకి ఆరు లక్షల మొహరీలు కట్టాడంటారు." వెనక సీట్లో పెద్దాయనొకడు "అలా అనకూడదండీ" అంటూనే కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

గుడి దగ్గర నవమి కల్యాణానికి తలంబ్రాల వడ్లు గోటితో ఒలిచినవాళ్లు కొందరు కనిపించారు. కోరుకొండ వైపు నుంచి కూడా తెస్తారు కదా ఏటా, ఒక్కొక్క గింజా గోటితో ఒలిచి. నాన్న ఆగిపోయాడు. "మిల్లుకిస్తే గంట పని కదమ్మా?" అన్నాడు ఒకావిడతో. అమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. కాసేపాగి నెమ్మదిగా అడిగాడు, "రోజుకి ఎన్ని గింజలవుతాయి?"

పుస్తకాలు తీసుకున్నాయన దణ్ణం పెట్టి లోపల పెట్టించాడు. అమ్మ కళ్లు మూసుకుని నిలబడింది, నాకూ గొంతు పట్టేసింది. అప్పుడే నాన్న, "రసీదు ఇస్తారా?" ఆ మంచాయన ఒక్క క్షణం తడుముకుని, నవ్వు ఆపుకుని, చిన్న కాగితం మీద 'రామకోటి అందినది' అని రాసి తేదీ వేసిచ్చాడు. అది ఇప్పుడు నాన్న పర్సులో ఆర్టీసీ పాస్ పక్కన ఉంది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపిస్తున్నాడు. లోపలికి వచ్చి దర్శనం చేసుకున్నాడా అని అడగకు. ఆ విషయం మీద ఇంట్లో ఎవరూ నోరు మెదపట్లేదు.

ఇంకోటుందిరా, ఇదే అసలు నీకు చెప్పాలని... వచ్చిన మర్నాడు అయిదింటికి లేచి చూస్తే మళ్లీ ఇద్దరూ బల్ల దగ్గరే. రెండో కోటి కాదు. అమ్మ చిన్ని కాపీ పుస్తకం ముందేసుకుని ఎడమ చేత్తో అ, ఆ దిద్దుతోంది. ఆ చెయ్యి వణకట్లేదట! నాన్న పక్కన కూర్చుని మార్కులేస్తున్నాడు. 'ఇ' దగ్గర పదికి నాలుగే వేశాడని పెద్ద గొడవ, నన్ను పంచాయితీకి పిలిచారు. నేను చూస్తే నిజంగానే

ఒరేయ్, కింద శీను బావమరిది హారన్ మోగిస్తున్నాడు. రాత్రి బండికి పూణే వస్తున్నాడు, ఇది వాడి చేతికే ఇస్తున్నా. సీసాలో గోంగూర, నూనె కారకుండా కవర్లు చుట్టా, అయినా నీ పుస్తకాల పక్కన పెట్టకు. జర్మన్ పుస్తకం రేపటి పేజీలో సగం మాట రాసి పడుకోమంది అమ్మ, మర్చిపోయేలోపు చెప్తున్నా. నీలం స్వెట్టరు గురించి అమ్మకి ఎవరు చెప్పారో కనుక్కుంటా. వస్తున్నానయ్యా వస్తున్నా

నీ
బుజ్జిగాడు