వృద్ధాశ్రమాల ప్రమాణాల్లో మా దినచర్యకూ చోటివ్వండి: వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పట్టణ శివారున ఉన్న వృద్ధాశ్రమంలో నివసిస్తున్న విశ్రాంత ఉపాధ్యాయినిని. నాతో ఉంటున్నవారితో మాట్లాడి, వారి సమ్మతితోనే ఈ లేఖ రాస్తున్నాను. వృద్ధాశ్రమాలకు ప్రమాణాలు నిర్ణయించేటప్పుడు భవనం కొలతల దగ్గరా మంచాల లెక్క దగ్గరా ఆగిపోకుండా, అక్కడ ఉండేవారి రోజు ఎలా గడవాలన్నది కూడా వాటిలో చేర్చాలనీ, ఆ నిర్ణయంలో నివాసుల మాటకు నియమబద్ధమైన స్థానం కల్పించాలనీ మా విన్నపం.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి కల్పించగల ఆశ్రమాన్ని ఒకటైనా దశలవారీగా నెలకొల్పడం గురించి దాని 19వ సెక్షన్ చెబుతుంది. ఆశ్రమాల నిర్వహణకు ఒక పథకం రూపొందించి, నివాసుల వైద్యానికీ కాలక్షేపానికీ కావలసిన సేవలనూ వాటి ప్రమాణాలనూ నిర్దేశించే అధికారాన్ని అదే సెక్షన్‌లోని రెండవ ఉపసెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పిల్లల నుంచి భృతి ఇప్పించడం గురించీ, ఆస్తి రాసిచ్చిన పత్రాన్ని రద్దు చేయించే 23వ సెక్షన్ గురించీ పత్రికల్లో తరచు చదువుతుంటాం. ఇల్లు వదిలి వచ్చేసిన వారికి అంతకన్నా ఎక్కువగా అక్కరకు వచ్చే ఈ ఉపసెక్షన్ గురించిన చర్చ మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ప్రైవేటు సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు నడిపే ఆశ్రమాలను కూడా నమోదు చేయించి కనీస ప్రమాణాల కిందికి తేవడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. అయినా, రాష్ట్రం చేతిలో ఉన్న అధికారం చేతిలోనే ఉంది.

మా దినచర్యలో అన్నిటికన్నా పెద్ద విషయం భోజనాల వేళ. రాత్రి భోజనం సాయంత్రం ఆరు గంటలకే పెట్టేస్తారు. వంటావిడ బస్సు దొరికే వేళకు ఇల్లు చేరాలి కనుక నేను ఆమెను తప్పుపట్టను. మరునాడు ఉదయం ఎనిమిదింటికి గాని ఉప్మాయో ఇడ్లీయో రాదు. మధ్యలో పద్నాలుగు గంటలు. మాలో చాలామంది మధుమేహం ఉన్నవారే. కొందరు ఇన్సులిన్ వేసుకుంటారు, కొందరు గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడతారు. ఈ మందులు వేసుకుని అంతసేపు ఏమీ తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చని ఏ డాక్టరైనా చెబుతారు. అలా పడిపోయినప్పుడు ఒళ్ళు చెమటలు పడుతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ఎక్కడున్నామో తెలియదు. ఆ స్థితిలో అర్ధరాత్రి లేచి వరండాలో తిరుగుతున్న మామ్మగారిని చూసినవారు చాదస్తం అనుకుని పడుకోబెడతారు. తొమ్మిదింటికి ఒక గ్లాసు పాలో, రెండు బిస్కెట్లో, కాస్త పెరుగన్నమో ఇస్తే సరిపోయే విషయమిది. కానీ ఎక్కడా రాసి లేదు కనుక ఎవరి బాధ్యతా కావడం లేదు. రాత్రి భోజనానికీ ఉదయపు ఫలహారానికీ మధ్య ఎంత ఎడం ఉండవచ్చో నియమాల్లో ఒక్క వాక్యం రాయించండి.

దాతల విషయం రాయడానికి కొంత సంకోచించాను. పుట్టినరోజులకూ, పెళ్ళిరోజులకూ, పెద్దల వర్ధంతులకూ వచ్చి అన్నదానం చేసేవారి దయ వల్లనే మా ఆశ్రమంలో పొయ్యి వెలుగుతోంది. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు కూడా తమ తల్లిదండ్రుల పేరిట డబ్బు పంపి భోజనాలు పెట్టిస్తున్నారు. వారందరికీ మేం కృతజ్ఞులం. అయితే ఒకే ఆదివారం ఇద్దరు ముగ్గురు దాతలు రావడం, తరువాత వారమంతా ఎవరూ రాకపోవడం మామూలైంది. వచ్చిన రోజున పులిహోర, గారెలు, లడ్డూ, ఐస్‌క్రీం. మధుమేహం ఉన్నవారి ముందూ అవే, పళ్ళు లేనివారి ముందూ అవే. దాత కుటుంబం వచ్చి స్వయంగా వడ్డించేదాకా విస్తళ్ళ ముందు కూర్చుని ఎదురుచూడాలి. ఒంటిగంట దాటితే మాత్ర వేళ తప్పుతుంది, నడుము నిలవదు. నెల భోజన పట్టికను ముందుగానే తయారుచేసి, దాతల సొమ్మును ఆ పట్టికలోని రోజులకు సర్దే పద్ధతి తేవచ్చు. దాతలు మాతోపాటు కూర్చుని ఆ రోజు మేం తినేదే తింటే మాకు ఎంతో సంతోషం. సొమ్ము ఇవ్వలేనివారు వచ్చి ఒక గంట పేపరు చదివి వినిపించినా, వినికిడి యంత్రంలో బ్యాటరీ మార్చిపెట్టినా, బ్యాంకు దాకా తోడు వచ్చినా అది అన్నదానానికి తక్కువ కాదు.

అన్నిటికన్నా బాధ కలిగించేవి ఫొటోలు. మా వరుసలో కూర్చునే ఒకావిడ, కూతురి దగ్గర హైదరాబాదులో ఉంటున్నానని సొంత ఊరివాళ్ళకు చెప్పుకున్నారు. కొడుకు పరువు పోకూడదని ఆవిడే అల్లుకున్న మాట అది. ఒక పుట్టినరోజు నాడు వడ్డన చేస్తూ తీసిన ఫొటో ఫేస్‌బుక్‌లో పడి, వాట్సాప్‌లో చేతులు మారి వాళ్ళ ఊరు చేరింది. ఆ తరువాత చాలా రోజులు ఆవిడ భోజనాల గదికి రాలేదు. ఫొటో తీసినవారికి చెడు ఉద్దేశం లేదు, ఆ సంగతి వాళ్ళకు తెలిసే అవకాశమూ లేదు. అయినా మా ముఖాలు మావి. నివాసి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఫొటో గానీ వీడియో గానీ బయటికి వెళ్ళకూడదనీ, ఒప్పుకోనివారికి భోజనంలోనూ మర్యాదలోనూ ఏ తేడా ఉండకూడదనీ స్పష్టంగా రాయాలి.

వృద్ధుల ఫిర్యాదులకూ సలహాలకూ 14567 నంబరుతో ఎల్డర్‌లైన్ అనే జాతీయ సేవ ఉంది. మంచి ఏర్పాటే. కానీ సొంత ఫోను లేనివారు మాలో చాలామంది. ఆశ్రమం ఫోను మేనేజరు బల్ల మీద ఉంటుంది. ఆశ్రమం గురించే చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆ బల్ల ముందు నిలబడి ఎవరు మాట్లాడగలరు? నివాసులు ఒంటరిగా మాట్లాడుకోగలిగిన చోట ఒక ఫోను, దాని పక్కన పెద్ద అక్షరాల్లో ఆ నంబరు ఉండాలి.

ఇక పింఛను. ఎన్టీఆర్ భరోసా అనే రాష్ట్ర పింఛను పథకం కింద నెలకు 4,000 రూపాయలు గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఇంటి గుమ్మం దగ్గరే ఇస్తున్నారు. ఆశ్రమంలో ఉండే నిరుపేదకు తన పేరు మీద వచ్చే డబ్బు అదొక్కటే. మనవరాలికి పండక్కి ఒక వంద ఇవ్వాలన్నా, కొబ్బరినూనె కొనుక్కోవాలన్నా, ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టుకోవాలంటే అందులో నుంచే. కానీ ఆ గుమ్మం పాత ఇంటి గుమ్మం. కొందరు ప్రతి నెలా బస్సెక్కి ఊరు వెళ్ళి తెచ్చుకుంటున్నారు. నడవలేనివారి సొమ్ము ఎవరి చేతికి చేరుతోందో నేను రాయనక్కర లేదు. ఇక్కడికి మార్పించుకుందామంటే ఆధార్‌లో చిరునామా మార్చాలంటారు. చిరునామాకు రుజువు కావాలి, ఓటీపీ రావాలి. ఆ ఫోను నంబరు కొడుకుది, ఆ కొడుకు ఫోను ఎత్తడు. వేలిముద్రలు అరిగిపోయినవారి అవస్థ దీనికి అదనం. నివాసి పేరును ఆశ్రమ రిజిస్టరులో చూసి, మనిషిని ఎదురుగా చూసి, మా ప్రాంత సచివాలయమే పింఛను బదిలీ చేసేలా ఉత్తర్వు ఇవ్వవచ్చు. డబ్బు నివాసి చేతికే ఇవ్వాలి, నిర్వాహకుల చేతికి కాదు.

ప్రభుత్వం తలచుకుంటే మా గుమ్మం దాకా రాగలదని మేం కళ్ళారా చూశాం. 2024 ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవారికి ఇంటి వద్దనే ఓటు వేసే వీలు కల్పించినప్పుడు, అందుకోసం దరఖాస్తుగా ఫారం 12-డి ఇచ్చిన పెద్దాయన ఒకరి కోసం ఎన్నికల సిబ్బంది మా ఆశ్రమానికే వచ్చి, ఓటు రహస్యంగా ఉండేలా చాటు ఏర్పాటు చేసి, ఓటు వేయించుకుని వెళ్ళారు. ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉదయం నుంచే కుర్చీలో కూర్చున్నారు. పల్లెలకు వెళ్ళే 104 సంచార వైద్య వాహనం మా గేటు ముందు నుంచే పోతుంది. నెలకొకసారి అది లోపలికి వచ్చి బీపీ, షుగరు చూసి మందులు ఇచ్చి వెళితే, ఓపీ చీటీ కోసం మమ్మల్ని ఆటోలో తీసుకువెళ్ళే శ్రమ సగం తగ్గుతుంది. మమ్మల్ని చూసుకునే ఆడపిల్లలు ఇద్దరే. ఒకరు ఒక రోగితో ఆసుపత్రికి వెళితే, మిగిలినవారందరికీ ఆ రోజు ఒక్కరే దిక్కు. వారి జీతం గురించీ, మనిషిని లేపి కూర్చోబెట్టడంలో వారికి ఇవ్వవలసిన శిక్షణ గురించీ కూడా ప్రమాణాల్లో ఉండాలి. స్నానాల గదుల్లో పట్టుకోవడానికి కడ్డీలు, రాత్రంతా వెలిగే చిన్న దీపం, జారని నేల గురించి తమ శాఖకు తెలియనిది కాదు కనుక విస్తరించను.

ఒక విషయం ఎవరూ అడగరు కనుక నేనే రాస్తున్నాను. ఆశ్రమంలో ఎవరైనా కన్నుమూస్తే మాకు చెప్పరు. మేం బెంగపడతామని వారి ఉద్దేశం. తెల్లవారేసరికి మంచం మీద దుప్పటి మార్చి ఉంటుంది. పక్క మంచం మీద ఏళ్ళ తరబడి పడుకున్న మనిషిని కడసారి చూసుకునే అవకాశం ఆ మంచి ఉద్దేశమే మాకు లేకుండా చేస్తోంది. మాలో హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు ఉన్నారు. ఎవరి అంత్యక్రియలు ఏ పద్ధతిలో జరగాలో, ఎవరికి కబురు పెట్టాలో, అమెరికాలో ఉన్న కొడుకు కోసం ఎంతసేపు ఆగాలో, ఎవరూ రాకపోతే ఎవరు జరిపించాలో, ఆశ్రమంలో చేరిన రోజునే నివాసినే అడిగి రాసి ఉంచాలి. మేం వాటి గురించి మాట్లాడడానికి భయపడం. అడిగేవారు లేక ఊరుకుంటున్నాం.

ఇన్ని విషయాలు ఒక నియమావళిలో పడతాయా అని తమ అధికారులు అనవచ్చు. అందుకే, మిగిలినవాటికి దారి చూపే ఏర్పాటు ఒకటి అడుగుతున్నాం. ప్రతి ఆశ్రమంలో నివాసులే ఎన్నుకునే ఒక సంఘం ఉండాలి. అందులో సగం మందైనా స్త్రీలు ఉండాలి. మంచం దిగలేనివారి తరఫున మాట్లాడే బాధ్యత ఒకరికి అప్పగించాలి. భోజన పట్టిక, టీవీ వేళలు, బంధువులు వచ్చే సమయాలు, దాతల రాక ఆ సంఘం ముందుకు రావాలి. తనిఖీకి వచ్చే అధికారి నిర్వాహకులు లేనప్పుడు సంఘంతో మాట్లాడి, వారు చెప్పింది తన నివేదికలో రాయాలి. అడిగినవారిని ఆశ్రమం నుంచి పంపించివేస్తారన్న భయం మాలో చాలామందికి ఉంది, ఇక్కడి నుంచి వెళ్ళడానికి వారికి మరో చోటు లేదు. కారణం రాసి ఇచ్చి, జిల్లా అధికారి ఆమోదం పొందకుండా ఏ నివాసినీ పంపించకూడదన్న నియమం లేకపోతే, ఆ సంఘంలో ఎవరూ నోరు విప్పరు.

అక్టోబరు 1న, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం నాడు, అధికారులు పూలదండలతో, శాలువాలతో ఆశ్రమాలకు వస్తుంటారు. ఈసారి ఆ రాకను ప్రమాణాల ముసాయిదాపై మా అభిప్రాయం తీసుకునే సందర్భంగా మార్చమని ప్రార్థన. ముసాయిదాను వాడుక తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చువేయించి ఒక నెల ముందుగా పంపండి. చదవలేనివారికి చదివి వినిపించే పని మాలో చూపున్నవాళ్ళం చేస్తాం. ఎవరు ఏమన్నారో రాసి, వేలిముద్రలతో, సంతకాలతో తమ శాఖకు అందజేస్తాం.

భవదీయురాలు,
ఒక వృద్ధాశ్రమ నివాసి,
పశ్చిమ గోదావరి జిల్లా